ట్యాంకర్ గుంజుకపోయినంక సంగతేంది?

2025 వానాకాలంల ఒక్క యూరియా బస్తా కోసం మన రైతులు లైన్లల్ల చెప్పులు పెట్టి నిలవడ్డరు. అదే టైముల కల్వకుర్తి గల్లీలల్ల ట్యాంకర్లు సెప్టిక్ ట్యాంకులు గుంజుకొని పోతనే ఉన్నయి. తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఈ రెండింటికి లంకె ఉన్నది.

లెక్క చూడుండ్రి. మన దేశంల ఒక మనిషి మలమూత్రాలల్ల ఏడాదికి సుమారు 2.7 కిలోల నత్రజని ఉంటదని అంచనా. అయిదుగురున్న ఇంటికి 13 కిలోలు దాటుతది. 45 కిలోల యూరియా బస్తాల ఉండేదే 20 కిలోల పైచిలుకు.

అట్లని ఉత్త లెక్కకు మురిసిపోవద్దు. నత్రజని ఎక్కువ మూత్రంలనే ఉంటది. సెప్టిక్ ట్యాంకుల అది నీళ్లతోటి మోర్లకో, ఇంకుడు గుంతకో పోతది. అడుగున మిగిలిన బురదను ఎండవెట్టి, చెత్తతోటి కలిపి మాగవెడితే వచ్చేది యూరియాకు బదులు కాదు, చెల్కకు సత్తువనిచ్చే పెంటెరువు. సరిగ మాగకుంటే నులిపురుగుల గుడ్లు చేన్లకొస్తయి.

ఇది కొత్త ముచ్చట కాదు. కర్ణాటకల దేవనహళ్లి 2015లనే బురద శుద్ధి ప్లాంటు పెట్టి ఎరువు తీసింది. మన వరంగల్ 2016ల దీనికి నియమాలు తెచ్చుకున్నది.

ప్లాంటు కట్టుడు అల్క. నడిపిచ్చుడే కష్టం. ఎరువు అమ్మిన పైసలతోటే కరెంటు, జీతాలు ఎల్లయి. మోర్లు తీసేటందుకు బడ్జెట్ పెట్టినట్టే దీనికీ పెట్టాలె. ట్యాంకర్ ఆయనకు ప్లాంటు దాంక పోతె డీజిల్ ఖర్చు, వాగుల ఒంపితే మిగులు. అందుకే ప్లాంటు కాడ దింపినంకనే కిరాయి చేతికొచ్చే పద్ధతి కావాలె.

అన్నిటికంటె ముందు మనిషి పానం. రక్షణ లేకుండ సెప్టిక్ ట్యాంకుల మనిషిని దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం. అట్ల సచ్చిపోయినోళ్ల కుటుంబానికి 30 లక్షలియ్యాలని 2023ల సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దింపేది ఎవరిని? దళిత వాడల పిల్లగాండ్లనే. ఎరువు రైతుకు, పేరు మున్సిపాలిటీకి, సావు వాళ్లకా? గసొంటి పద్ధతి ఎన్నేండ్లు నడిచినా నిలవడ్డట్టు కాదు.

మున్సిపల్ ఆఫీసుకు పోయి మూడు ముచ్చట్లు అడుగుండ్రి. మన ట్యాంకర్ ఎక్కడ ఒంపుతున్నది? ప్లాంటు నడిపే పైసలు ఏ పద్దుల ఉన్నయి? పనిచేసేటోళ్లకు మిషన్, మాస్కు, బీమా ఉన్నయా? నోటిమాట జవాబు వద్దు, సమాచార హక్కు కింద కాయితం మీద తీసుకోండ్రి.