గేదెది మొండితనం కాదు, ఉక్కపోత



ఎండాకాలం వస్తే చాలు, పాడి రైతుల నోట ఒకటే మాట. "గేదె మేత ముట్టడం లేదండీ. చెరువులో దిగితే బయటికి రాదు. ఎదకు కూడా రాలేదు, ఈ ఏడాది ఈత పోయినట్టే." వెంటనే మందుల షాపుకు పరుగు. నా అభిప్రాయం ఏంటంటే, ఇందులో చాలా వరకు జబ్బు కాదు, వాతావరణానికి పశువు ఇచ్చే జవాబు. ఆ జవాబు చదవడం వస్తే సగం ఖర్చు తగ్గుతుంది.

గేదెది నల్ల చర్మం, ఎండను బాగా పీల్చుకుంటుంది. చెమట గ్రంథులేమో ఆవుతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే అది నీళ్లు, బురద వెతుక్కుంటుంది. ఒంటికి పట్టిన బురద ఉత్త నీళ్లకన్నా ఎక్కువసేపు తడిగా ఉండి చల్లబరుస్తుంది, ఈగల్ని కూడా ఆపుతుంది. మనం మురికి అనుకునేది దానికి వైద్యం. మన ఒంగోలు ఆవుకు తెల్లని ఒళ్లు, వదులు చర్మం, వేలాడే గంగడోలు ఉంటాయి కాబట్టి అదే ఎండను బాగా తట్టుకుంటుంది. రెండింటినీ ఒకే పాకలో, ఒకే వేళల్లో మేపితే ఎలా?

మేత మానేయడానికీ కారణం ఉంది. పొట్టలో గడ్డి పులిసేటప్పుడు వేడి పుడుతుంది. బయట వేడి, లోపల వేడి కలిస్తే తట్టుకోలేక పశువే తిండి తగ్గించుకుంటుంది. తిండి తగ్గితే పాలు తగ్గుతాయి, పేడ కూడా తగ్గుతుంది. జీవామృతం, ఘనజీవామృతం మీద నడిచే మన సాగుకు అది పొలం దాకా వచ్చే నష్టం.

ఇంకో పొరపాటు, ఫోన్‌లో డిగ్రీలు మాత్రమే చూడటం. గాలిలో తేమ కూడా చూడాలి. పశువైద్యులు వేడినీ తేమనూ కలిపి ఒక సూచిక లెక్కిస్తారు. అది 72 దాటితే ఎక్కువ పాలిచ్చే ఆవులకు ఇబ్బంది మొదలవుతుందని అంటారు. 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉంటే ఆ సూచిక సుమారు 86. 36 డిగ్రీలే ఉండి తేమ 60 శాతం ఉంటే 88! అంటే కోస్తాలో ఉక్కపోసే రోజు, తెలంగాణలో పొడి ఎండ కాసే రోజుకన్నా పశువుకు బరువు కావచ్చు. "ఇవాళ ఎండ తక్కువేగా" అని వదిలేయకండి.

పశువును చూస్తే తెలిసిపోతుంది. పడుకోకుండా నిలబడే ఉంటుంది, నీళ్ల తొట్టి వదలదు, చొంగ కారుస్తుంది. డొక్క ఎగరడం ఒక నిమిషం లెక్కపెట్టండి, ఎలాగో వీడియోలో చూపించాం. 60 దాటితే వేడి దెబ్బ మొదలైనట్టే. నోరు తెరిచి రొప్పుతుంటే నీడకు తెచ్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ డాక్టరు గారిని పిలవండి. అక్కడ సొంత వైద్యం వద్దు.

మిగతా రోజుల్లో మార్చాల్సింది మన టైమింగు. పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక మేపండి. ఎండుగడ్డి రాత్రికి వేయండి. తొట్టి నీడలో ఉంచండి. రేకుల షెడ్డు అయితే పైన వరిగడ్డో తాటాకో కప్పండి. పొడి ఎండల ఊళ్లలో తడి గోనె సంచులు కడితే పని చేస్తాయి. ఉక్కపోత ఊళ్లలో గాలి ఆడకుండా సంచులు కట్టి నీళ్లు చల్లితే ఆవిరి పెట్టినట్టే. అక్కడ ఒంటి మీదే నీళ్లు పోసి, గాలి తగలనివ్వాలి.

ఎద విషయమూ అంతే. ఎండాకాలంలో గేదెకు వచ్చేది ఎక్కువగా మూగ ఎద, అదీ రాత్రిపూట. మధ్యాహ్నం చూస్తే ఏం కనిపిస్తుంది? పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పాకలోకి వెళ్లి తీగలు చూడండి. ఒక ఎద తప్పితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. అన్ని రోజుల మేత దండగ.

చివరిగా ఒక మాట. ఫ్యాన్లు, ఫాగర్లు కొనే ముందు గట్ల మీద వేప, కానుగ నాటండి. ఆ నీడ కరెంటు పోయినా ఆగదు. ఊరి చెరువులో పశువులు దిగే రేవును పూడ్చనివ్వకండి. రోహిణి కార్తెలో గేదెకు దాన్ని మించిన ఆసుపత్రి లేదు.