పద్నాలుగు సూదులు

మా కాలేజీ పిల్లలు చాటుగా నాకు పెట్టుకున్న పేరు 'గొడుగు మాస్టారు'. ఎండా వానా లేని రోజుల్లో కూడా నా చేతిలో గొడుగు ఉండేది. తెలుగు మాస్టారికి ఉత్తరీయం ఎలాగో ఈయనకు గొడుగు అలాగ కాబోలు అనుకుని ఊరుకునేవారు పాపం. అసలు సంగతి మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ గొడుగు వానకోసం కాదు, కుక్కలకోసం. పదిమందిని కూర్చోబెట్టి కురుక్షేత్రయుద్ధం వర్ణించి చెప్పగల మనిషి వీధికుక్క ఎదురైతే సందు మార్చి వెళ్లేవాడంటే నవ్వు వస్తుంది. నాకూ ఇప్పుడు నవ్వే వస్తోంది. అప్పుడు రాలేదు.

1988లో నాకు తొమ్మిదేళ్లు. పంజాగుట్టలో ఒక ఇరుకు సందులో అద్దెకుండేవాళ్లం. తెల్లవారుజామున వెళ్లి పాలు తేవడం నా వంతు. సందు మొగలో ఒక కుక్క ఈనిందని నాకు తెలియదు. చలికి వణుకుతూ దాని పిల్లల పక్కనుంచే పరుగెత్తాను. అది వచ్చి నా పిక్క పట్టుకుంది. పాలు నేలపాలయ్యాయి. మా నాయనమ్మ సున్నమూ కారమూ కలిపి కాటు మీద అద్దింది. ఆవిడ ప్రేమకేం లోటు లేదు గాని, చేసింది మాత్రం చేయకూడని పని. సాయంత్రానికి మా నాన్నగారు సర్కారు ఆసుపత్రికి తీసుకువెళ్లారు. రోజుకొకటి చొప్పున పద్నాలుగు రోజులు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు!

కుక్క కరిచిన నొప్పి రెండు రోజుల్లో మరిచిపోయాను. సూదుల నొప్పి మరవలేదు. మూడోనాటికే సిటీబస్సు ఆసుపత్రివైపు మళ్లగానే ఏడుపు లంకించుకునేవాణ్ణి. చిత్రమేమిటంటే, నా కోపం సూదిమీదకు గాని, సూది వేసినవాళ్ల మీదకు గాని పోలేదు. లోకంలో ఉన్న కుక్కలన్నిటి మీదకూ పోయింది.

ఆ మందు కథ పెద్దయ్యాక చదువుకున్నాను. 1885లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కాటుకు మొదటిసారి టీకా వేసింది జోసెఫ్ మైస్టర్ అనే కుర్రవాడికి. వాడికీ తొమ్మిదేళ్లే! 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే దొర గొర్రె మెదడునుంచి టీకా తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. మన దేశంలో కొన్ని తరాల పిల్లల పొట్టల్లోకి వెళ్లింది ఆ మందే. 2005 నాటికి దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దండకు నాలుగైదు విడతలుగా వేస్తారు, చీమ కుట్టినట్టుంటుందట. ఈ తరం పిల్లలు అదృష్టవంతులు.

ఇక నా సంగతి. క్లాసులో ఆదిపర్వం చెప్పేటప్పుడు సరమ కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తూండగా సారమేయమనే కుక్కపిల్ల అక్కడికి వస్తుంది. ఏ తప్పూ చేయకపోయినా రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొడతారు. తల్లి సరమ వచ్చి నిలదీస్తుంది. నిరపరాధులను హింసించేవారికి కారణం లేని భయాలు వచ్చి మీద పడతాయని చెప్పి వెళ్లిపోతుంది. ఎన్నో ఏళ్లు ఈ పాఠం చెప్పాను. చెప్పి, గంట కొట్టగానే గొడుగు పుచ్చుకుని ఇంటికి బయలుదేరేవాణ్ణి. పాఠం పిల్లలకే గాని మాస్టారికి కాదు గదా!

ఒకనాడు మా అమ్మాయిని స్కూలునుంచి తీసుకువస్తున్నాను. దానికి అప్పుడు ఆరేళ్లు. ఎదురుగా ఎండలో ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. నేనింకా చూడనే లేదు. అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుని, "నాన్నా, అటు పోదాం, అటు పోదాం" అని నన్ను రోడ్డుకు అవతలివైపు లాక్కుపోయింది. దాన్ని ఏ కుక్కా ఎన్నడూ కరవలేదు. దానికి ఆ భయం నేర్పిన గురువు ఎవరో చెప్పనక్కరలేదు. ఇల్లూ పొలమూ ఇవ్వలేకపోయినా, నా పద్నాలుగు సూదులూ పిల్లకు వారసత్వంగా ఇచ్చానన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటికి మేం అమీర్‌పేటలో సొంత ఫ్లాటుకు వచ్చేశాం. మైత్రీవనం చుట్టుపక్కల సంగతి హైదరాబాదు వాళ్లకు తెలిసిందే. అడుగడుక్కీ కంప్యూటరు కోచింగులు, వాటిని అంటిపెట్టుకుని హాస్టళ్లు, వాటిని నమ్ముకుని టిఫిను బళ్లు. ఆ బళ్ల దగ్గర మిగిలిన ఇడ్లీముక్కను నమ్ముకుని కుక్కలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కుర్రాళ్లు మూటాముల్లే కట్టుకుని ఊళ్లకు పోయారు. బళ్లు ఆగిపోయాయి. మనుషుల ఆకలి సంగతి పేపర్లలో పడింది. కుక్కల ఆకలి మా గేటు దగ్గరకు వచ్చి నిలబడింది.

నల్లటి కుక్క. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. మొరగలేదు, గుర్రుమనలేదు. మొరగడానికి ఓపిక ఉంటేగా! బాల్కనీలోంచి చూస్తూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, అది అన్నం అడుగుతోందా, కరవడానికి వచ్చిందా?"

అంత సూటి ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. పెరుగన్నం కలిపి, విస్తరాకులో పెట్టి కిందికి దిగాను. ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో గొడుగు. కాళ్లు వణుకుతున్నాయి. మా వాచ్‌మన్ తాత చూసి నవ్వాడు.

"సారూ, ఆ గొడుగు కింద పెట్టున్రి. దానికి గది కట్టె లెక్క కొడ్తది. మీరు ఉరికితే అది ఎంట పడ్తది. జర నిలబడున్రి. దాని కండ్లల్లకు సూడకున్రి. అన్నం ఆడ పెట్టి ఎనుకకు జరుగున్రి, గంతే."

నలభై ఏళ్లు దాటాక ఒక గురువు దొరికాడు. ఆయన చెప్పినట్టే చేశాను. కుక్క వచ్చి ఆకు ఊడ్చేసింది. ఒకసారి నావైపు చూసి, తోక రెండుసార్లు అటూ ఇటూ ఆడించి వెళ్లిపోయింది. పంజాగుట్టనుంచి అమీర్‌పేటకు మైలో మైలున్నరో ఉంటుంది. ఆ దూరం నడవడానికి నాకు ముప్పైరెండేళ్లు పట్టింది.

తాత దానికి పెట్టిన పేరు 'కర్రెగాడు'. కొన్నాళ్లకు నగరపాలక సంస్థ బండి వచ్చి పట్టుకుపోయింది. మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వారం తిరక్కుండా అదే బండి మా సందులోనే దాన్ని దింపి వెళ్లింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేశారు, పిచ్చి రోగం రాకుండా సూది వేశారు, గుర్తుకోసం ఎడమ చెవి కొస కత్తిరించారు. చెవి కోసి ఇచ్చినవాడు గనుక నేను వాడి పేరు 'కర్ణుడు' అని మార్చాను. కర్రెగాడు కర్ణుడైనందుకు తాతకూ అభ్యంతరం లేకపోయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండును. కాని 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కల గుంపు పొట్టనబెట్టుకుంది. ఆ దృశ్యం టీవీలో చూసిన తల్లులెవరికీ ఆ రాత్రి నిద్ర లేదు. ఆ ఆదివారమే మా అపార్ట్‌మెంటులో మీటింగు పెట్టారు. రెండో అంతస్తులో ఉండే ఒక తల్లి లేచి నన్ను అడిగింది:

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. మీరు అన్నం పెట్టే కుక్క రేపు మా బాబును కరిస్తే ఏం చెబుతారు?"

ధర్మరాజు కథ చెప్పవచ్చు. కూడా వచ్చిన కుక్కను విడిచిపెట్టి స్వర్గానికి రానన్నాడు ఆయన. నన్నయగారి భారతం కుక్కను కొట్టడంతో మొదలైతే, తిక్కనగారు పూర్తిచేసిన భారతం చివర కుక్కను విడవని ధర్మం నిలబడింది. మంచి ఉపన్యాసమే అయ్యేది. కాని ఆవిడ ముఖం చూశాక నోరు రాలేదు. సిటీబస్సులో ఏడుస్తున్న తొమ్మిదేళ్ల కుర్రాడు గుర్తుకు వచ్చాడు. "మీ భయం న్యాయమైనదేనమ్మా" అన్నాను. నా పిక్క మీది మచ్చ సంగతి ఆ రోజు మొదటిసారి పదిమందిలో చెప్పాను.

తరవాత కర్ణుడి టీకా కార్డు తెచ్చి చూపించాను. ఏటేటా పశువుల డాక్టరు దగ్గర సూది వేయిస్తున్నట్టు తేదీలతో సహా అందులో ఉంది. గేటు దగ్గరా మెట్ల దగ్గరా అన్నం పెట్టనని, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా, వెనకగోడ దగ్గర, వాళ్లు లేవకముందే పెడతానని మాట ఇచ్చాను. ఆ ఏడాదే వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయని తరవాత తెలిసింది. మా సందులో మిగిలిన ఏడు కుక్కలకూ సూదులు వేయించడానికి చందా వేసుకున్నాం. మొదటి వంద రూపాయలూ ఇచ్చింది ఆ తల్లే.

ఈ తగవు 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కుక్కలన్నిటినీ ఊరవతలికి తోలమనేవారు కొందరు, వాటి జోలికే పోవద్దనేవారు కొందరు. నేను రెండు వైపులా ఉండి వచ్చినవాణ్ణి గనుక ఒక్క మాట మనవి చేస్తాను. బిస్కట్టు విసరడం సులభం, రాయి విసరడమూ సులభమే. రెండింటికీ ఓపిక అక్కరలేదు. కుక్కకు ఏటా సూది వేయించడానికి కావాలి ఓపిక. ఒక ప్రాంతంలో నూటికి డెబ్భై కుక్కలకు టీకా పడితే ఆ రోగం అక్కడ వ్యాపించలేక ఆగిపోతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. దానికి పడిన ఒక్క సూది మన పిల్లవాడికి పడే సూదులను తప్పిస్తుంది. నాకు తెలిసిన కుక్కప్రేమ ఇదే.

ఇంకొక మాట, తల్లులకు. ఖర్మం చాలక కుక్క కరిస్తే సున్నమూ కారమూ వద్దు. ధారగా కారే నీటికింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రోగలక్షణాలు బయటపడ్డాక మందు లేదు, వాటికి ముందే ఉంది.

కర్ణుడి మూతి మీద ఇప్పుడు తెల్లవెంట్రుకలు వచ్చాయి, నాకు చెవుల దగ్గర వచ్చినట్టే. మొన్న సాయంత్రం ఇంటికి వస్తూంటే రెండో అంతస్తు బాబు గేటు దగ్గర కనిపించాడు. కర్ణుడు వాడి పక్కనుంచి పోతున్నాడు. వాడు పరుగెత్తలేదు. చేతులు దగ్గరగా పెట్టుకుని, నేలచూపులు చూస్తూ, చెట్టులా నిలబడ్డాడు. కుక్క దాటిపోయాక నావైపు చూసి, "మీ అక్క నేర్పింది మాస్టారూ" అన్నాడు. 'మీ అమ్మాయి అక్క' అని వాడి ఉద్దేశం.

వాన పడుతోంది. గొడుగు ఇంట్లో మరిచిపోయానని అప్పుడు గుర్తుకు వచ్చింది.