పావలా ఖర్చుకే పెదవి విరుపా?

కంప్లి: తుంగభద్ర డ్యాం నుంచి వరద నీరు ఎక్కువగా వదిలితే కంప్లి-గంగావతి వంతెన మీదికి నీళ్లొచ్చేస్తాయి. రాకపోకలు బంద్. అవతలి గట్టున పనున్నోళ్లు చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఇలాంటప్పుడే హోటళ్ల కాడ ఓ మాట వినపడుతుంది. ‘ఈడ బ్రిడ్జికే దిక్కు లేదు, చంద్రుడి మీదికి రాకెట్లెందుకప్పా?’

ప్రశ్న తప్పు కాదు. పన్ను కట్టేవాడికి అడిగే హక్కుంది. కాకపోతే లెక్క కూడా చూడాలి. 2025-26 కేంద్ర బడ్జెట్ సుమారు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో అంతరిక్ష శాఖ వాటా 13,416 కోట్లు. అంటే ప్రభుత్వం పెట్టే ప్రతి వంద రూపాయల్లో పావలాకు ఒకటో రెండో పైసలు ఎక్కువ. తలకు ఏడాదికి వంద రూపాయల లోపే. అదే బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీ లక్షన్నర కోట్లు దాటింది. రాకెట్లు ఆపితే వంతెనలు లేస్తాయనుకోవడం ఉత్త భ్రమ.

పైగా ఈ పావలాకూ గ్యారెంటీ లేదు. 2020-21లో ఇదే శాఖకు 13,479 కోట్లు చూపించి, తర్వాత 9,500 కోట్లకు కోసేశారు. అది కరోనా ఏడాది, సరే. కానీ ఐదేళ్లు గడిచాక 2025-26లో కూడా కేటాయింపు ఆ పాత అంకె కంటే తక్కువే. ఈ ఐదేళ్లలో ధరలెంత పెరిగాయో రైతుకు ఒకరు చెప్పాలా?

ఈ ఖర్చుతో ఒరిగిందేంటో కంప్లి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ కోస్తా కుటుంబాలను అడిగితే చాలు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల మందిని మింగేసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపేసినా, ముందే లక్షలాది మందిని తరలించడంతో ఆంధ్రలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. రాడార్లు, ఫోన్లు, అధికారుల కష్టం అన్నీ కలిశాయి. అయితే సముద్రం నడిమధ్యలో ఉన్న తుపానును రోజుల ముందే కనిపెట్టింది పైనున్న ఉపగ్రహాలే.

ఈ కథలో బళ్లారికీ వాటా ఉంది. మన తొలి ఉపగ్రహం ఆర్యభట్టను తయారుచేసిన బృందానికి నాయకుడు యు.ఆర్.రావు. ఉడుపి దగ్గర అదమారులో పుట్టిన ఆయన ఇంటర్మీడియట్ చదివింది బళ్లారి వీరశైవ కాలేజీలో, బీఎస్సీ చేసింది అనంతపురం ప్రభుత్వ కాలేజీలో. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద ఎగిరిన ఆర్యభట్టకు కొద్దిరోజులకే కరెంటు సమస్య వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. డబ్బు దండగ అని ఆనాడే మూటకట్టేసి ఉంటే, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగేదా? రావు మాత్రం 1984 నుంచి పదేళ్లు ఇస్రోను నడిపించారు.

అలాగని అంతా భేషుగ్గా ఉందనీ కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఏ ఉపగ్రహమూ దాన్ని ఆపలేదు. గొలుసులు చూసుకోవాల్సింది నేల మీదున్న మనుషులే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ మట్టిలో తేమను కూడా కొలవగలదు. ఆ సమాచారం ఇంగ్లిష్ పటాల్లోనే ఉండిపోతే కంప్లి వరి మడికి ఏం లాభం?

1975-76లోనే ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు చూపించింది. తెలుగులోనూ, కన్నడలోనూ. యాభై ఏళ్ల కింద చేతనైన పని ఇప్పుడెందుకు కాదు? వాన, తేమ కబురు రెండు భాషల్లో రైతు సంపర్క కేంద్రం దాకా రావాలి. హైస్కూలుకో టెలిస్కోపు ఇవ్వాలి. ప్రజాప్రతినిధులు అడగాల్సింది ఇది. పావలా తగ్గించమని కాదు, ఆ పావలాలో మన ఊరి వాటా ఏదని.

రావు బళ్లారిలో చదివిన నాటికి ఇస్రో పుట్టనే లేదు. ఇప్పుడు ఇస్రో ఉంది. కంప్లి పిల్లలూ ఉన్నారు. మధ్యలో దారే వేయాలి.