అటకెక్కని వస్తువులు

మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులిపే పని మీద నేను అటక ఎక్కవలసి వచ్చింది. పాతికేళ్ళుగా నేను చేసిన తెలివితక్కువ కొనుగోళ్ళన్నీ అక్కడ అట్టపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. పిండిముద్ద పెట్టి మూత నొక్కితే చపాతీ దిగుతుందన్న విద్యుత్ యంత్రం (దిగేది, కాని అప్పడంలా). పన్నెండు రకాల బిళ్ళలతో కూరలు తరిగే ప్లాస్టిక్ పెట్టె. కోడిగుడ్లు ఉడికించడం తప్ప మరే విద్యా తెలియని ఒక గిన్నె. కొన్ననాడు వీటిలో ప్రతి ఒక్కటీ ఇంటికి వచ్చిన చుట్టాలందరి ముందూ ప్రదర్శితమైనదే.

దిగివచ్చి వంటింట్లో చూస్తే, ఇన్నేళ్ళలో అటక ముఖం చూడనివి నాలుగే కనిపించాయి: ప్రెషర్ కుక్కరు, మిక్సీ, గ్రైండరు, గట్టు కింద కత్తిపీట.

తేడా ఎక్కడుందా అని ఆలోచించాను. బెండకాయలు తరగడం కత్తిపీట ముందు ఐదు నిమిషాల పని. ఆ పన్నెండు బిళ్ళల పెట్టెలో మూడు నిమిషాల పనే. ఆపైన సందుల్లో ఇరుక్కున్న జిగురును పళ్ళు తోముకునే బ్రష్షుతో వదిలించడానికి పది నిమిషాలు. దుకాణంలో ఎవరూ చూపించనిది ఈ రెండో భాగమే. అందుకే ఇప్పుడు ఏ వస్తువు గురించైనా నేను మొదట అడిగేది, దీన్ని కడిగేది ఎవరు, ఎంతసేపు అని. రెండో ప్రశ్న, ఇది ఎవరి ఒంటి నొప్పిని తీరుస్తుంది అని. ఈ రెండో ప్రశ్న అడగడం నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

కుక్కరు విషయంలో వాదన అక్కరలేదు. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కదు. బిగించిన మూత కింద ఆవిరి ఒత్తిడి పెరిగితే అదే నీరు దాదాపు 120 డిగ్రీల దాకా పోతుంది. కందిపప్పు త్వరగా మెత్తబడడంలోని రహస్యం అంతే. నాకున్న ఫిర్యాదు కుక్కరు మీద కాదు, ఈలలు లెక్కపెట్టే మన అలవాటు మీద. ఈల గడియారం కాదు. మంట పెద్దదైతే గబగబా కూస్తుంది, మరీ చిన్నదైతే కూయనే కూయదు. మొదటి ఈల రాగానే మంట తగ్గించి నిమిషాలు చూసుకుంటే గ్యాసు మిగులుతుంది. మూత పెట్టే ముందు ఆవిరి గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలన్నది మాత్రం మా ఇంట్లో శాసనం. ఒకసారి చూడనందుకు సేఫ్టీ వాల్వు ఎగిరిపోయి, ముద్దపప్పు వంటింటి కప్పుకు పసుపు రంగు వేసింది.

మిక్సీ కథ మరింత ముచ్చటైనది. విదేశీ మిక్సర్లు మన ఎండుమిరపకాయలకూ నానిన పప్పుకూ తట్టుకునేవి కావు. భార్య వాడుతున్న జర్మన్ మిక్సరు మోటారు అలాగే కాలిపోతే, సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు 1960లలో మన వంటకు సరిపడే మోటారుతో సుమీత్ మిక్సీని రూపొందించాడు. వంటింటి మొర విన్న ఇంజనీరు కాబట్టే ఆ వస్తువు నిలిచింది. పచ్చళ్ళకూ, పెసరట్టు పిండికీ, కారప్పొడులకూ మిక్సీని మించినది లేదు. గారెల పిండి దగ్గరే దాని ప్రతాపం ఆగిపోతుంది. గారెల పప్పుకు నీళ్ళు పోయకూడదు. పోయకపోతే మిక్సీ బ్లేడు తిరగదు. తిరిగినా పిండి వేడెక్కిపోతుంది.

ఆ గారెల దగ్గరకే వస్తున్నాను.

మా అమ్మ కృష్ణా జిల్లాలోని మా ఊళ్ళో నలభై ఏళ్ళకు పైగా రుబ్బురోట్లో మినప్పప్పు రుబ్బింది. రుబ్బడమంటే ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పిండిని లోపలికి తోస్తూ, నడుము వంచి పీట మీద గంటసేపు కూర్చోవడం. పండుగనాడు తెల్లవారుజామున నాలుగింటికే ఆ గరగర వినిపించేది. నేను దుప్పటి ముసుగులోంచి వినేవాణ్ణి. ఎంతో హాయిగా ఉండేది. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక ఆ చప్పుడు మీద నాకు కవిత్వం కూడా పుట్టింది. రోటి రుచి వేరండీ, రాతికి ఒక జీవముంటుంది అని స్నేహితుల దగ్గర ఉపన్యసించేవాణ్ణి. ఊరు వెళ్ళిన ప్రతిసారీ, "అమ్మా, మిక్సీలో వేయకు, రోట్లోనే రుబ్బు" అని అడిగేవాణ్ణి. ఆవిడ రుబ్బేది. పొత్రాన్ని నేను పట్టుకున్నది జీవితం మొత్తంలో ఒక్కసారి, అదీ ఫొటో కోసం.

2011లో తమిళనాడు ప్రభుత్వం రేషను కార్డులున్న కుటుంబాల మహిళలకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఓట్ల కోసం పిండి రుబ్బుతున్నారని నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎవరి భుజాల బరువు గురించి నవ్వుతున్నానో నాకు తట్టలేదు. మరుసటి సంవత్సరం అమ్మ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవని స్థితి. ఎముకల డాక్టరు పరీక్షించి, "ఏం పని చేస్తుంటారమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

ఆ వారమే గ్రైండరు కొన్నాను. 1955లో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన వెట్ గ్రైండరును తయారుచేశారు. అందులోని కిటుకు చాలా చిన్నది. మన ఇళ్ళలో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. అందులో రోలు తిరుగుతుంది, పొత్రం ఉన్నచోటే ఉంటుంది. రాయి మాత్రం రాయే. మిక్సీతో పోలిస్తే ఎంతో నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పప్పు అంతగా వేడెక్కదు, నురగలా పొంగుతుంది. నేను ఇన్నేళ్ళూ మురిసిపోయిన రాతి రుచి అంతా అందులో ఉంది. లేనిదల్లా అమ్మ భుజం. నా నాలుకకు తేడా తెలియలేదు. తెలుస్తుందనేవారు ఉంటారు. స్వయంగా రుబ్బుకుని తినేవారితో నాకు పేచీ లేదు. తక్కినవారు వచ్చే పండుగకు ఆ రోటి ముందు తామే కూర్చుని చూడవలసిందిగా మనవి.

గ్రైండరుకు లోపాలు లేకపోలేదు. బరువెక్కువ. రాళ్ళు విడిగా తీసి కడగాలి. గుప్పెడు పప్పు కోసమైతే శ్రమ దండగ. ఇడ్లీకి రవ్వ బజారులో దొరుకుతుంది గనుక మనం రుబ్బవలసింది పప్పొక్కటే. ఉప్పుడు బియ్యం కూడా రుబ్బుకునే తమిళుల ఇళ్ళలో ఉన్నంత పని దానికి మన దగ్గర ఉండదు. వారానికి ఒకసారైనా ఇడ్లీయో అట్టో లేని ఇంట్లో అదీ అటకకే పోతుంది.

మొదటిరోజు అమ్మ దాన్ని నమ్మలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, తిరుగుతున్న రోట్లో పిండి తోయడానికి చెయ్యి పెట్టబోతే వారించాను. మూడోసారికి అది తిరుగుతుండగా పేపరు చదువుకుంటోంది. పేపరులోంచి తలెత్తకుండానే అడిగింది.

"ఏరా, ఇది కొత్తగా వచ్చిందా?"

మా ఊరి బస్టాండు ఎదుటి దుకాణంలో అది ఇరవై ఏళ్ళుగా ఉంది. నేను బదులు చెప్పలేదు.

అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, మా దగ్గరే ఉంటోంది. గ్రైండరుకు రెండుసార్లు బెల్టు మార్చాం. రాళ్ళు కడిగే పని నాది.