బ్యాటరీ బండికి భరోసా ఏదీ?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు పట్టాల చుట్టూ పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాలవారు బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ పట్టణమే ప్రధాన కేంద్రమైంది. రైల్వే కాలనీ నుంచి కార్యాలయానికి, అక్కడి నుంచి టోకు వర్తకులకు నెలవైన వ్యాపార్ విహార్‌కు, తిరిగి ఇంటికి సాగే రాకపోకలన్నీ కొద్ది కిలోమీటర్ల లోపే ముగుస్తాయి. బస్సు కోసం ఎదురుచూడలేక, ఆటోకు రోజూ చెల్లించలేక సొంత బండిని ఆశ్రయించే మధ్యతరగతి జీవికి విద్యుత్ ద్విచక్ర వాహనం సరిగ్గా సరిపోయేది ఇటువంటి పట్టణంలోనే. వరంగల్, విజయనగరం, రాజమహేంద్రవరం పరిస్థితి కూడా ఇందుకు భిన్నం కాదు.

దశాబ్దం క్రితం వరకు వింత వస్తువుగా కనిపించిన బ్యాటరీ బండి నేడు నిత్య జీవితంలో భాగమైపోయింది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో 11 లక్షలకు పైగా విద్యుత్ ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. మొత్తం ద్విచక్ర వాహనాల విక్రయాలలో ఇది దాదాపు ఆరు శాతం. జర్మనీలో 2023లో అమ్ముడైన సైకిళ్లలో సగానికి పైగా మోటారు అమర్చినవే. చైనా వీధులలో తిరుగుతున్న విద్యుత్ సైకిళ్లు, స్కూటర్ల సంఖ్య 35 కోట్ల వరకు ఉంటుందని అక్కడి ప్రభుత్వమే చెబుతున్నది. ఆ లెక్కన మనం ఇంకా తొలి మెట్టు మీదనే ఉన్నామన్నమాట.

ఈ ఆదరణకు పర్యావరణ స్పృహ కారణమని మంత్రులు సభలలో సెలవిస్తుంటారు. అసలు కారణం పెట్రోలు బంకు వద్ద ఉన్నది. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, పెట్రోలు ధర వంద రూపాయలు దాటిన చోట నెలకు 25 పని దినాలకు కనీసం 1,650 రూపాయలు ఇంధనానికే ఖర్చవుతాయి. అదే దూరానికి బ్యాటరీ బండి రోజుకు యూనిట్ పైచిలుకు విద్యుత్తు తీసుకుంటుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా నెలకు 250 రూపాయలు మించదు. మిగిలే 1,400 రూపాయలతో పిల్లవాడి ట్యూషన్ ఫీజు గడుస్తుంది. వాతావరణ మార్పుల మీద ఎన్ని సదస్సులు జరిపినా ఒప్పించలేని మనిషిని ఈ చిన్న లెక్క ఒప్పించింది.

అయితే ఈ లెక్కలో రెండవ పేజీ కూడా ఉన్నది. దానిని షోరూమ్‌లో ఎవరూ తెరచి చూపరు. బండి ధరలో సింహభాగం బ్యాటరీదే. హామీ గడువు ముగిసిన తరువాత అది చేతులెత్తేస్తే కొత్తదానికి అర లక్షకు అటూ ఇటూగా చెల్లించుకోవాలి. అంటే సుమారు మూడేళ్ల పొదుపు ఒక్క రోజున ఆవిరి కాగలదు. పాత పెట్రోలు బండిని వీధి చివరి మెకానిక్ ఏదో విధంగా నడిపిస్తాడు. కంపెనీ సాఫ్ట్‌వేర్ తాళం వేసి ఉన్న బ్యాటరీ బండి మొరాయిస్తే ఆ మెకానిక్ చేయగలిగింది స్వల్పం. ఒక అగ్రగామి విద్యుత్ స్కూటర్ల సంస్థపై ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 10 వేలకు పైగా ఫిర్యాదులు అందడం, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసు జారీ చేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అమ్మకాలు పెరిగిన వేగంతో మరమ్మతు సదుపాయాలు పెరగకపోవడమే ఈ ఫిర్యాదుల వెనుక ఉన్న సంగతి.

ప్రభుత్వం మాత్రం ఈ రంగాన్ని రాయితీల దృష్టితోనే చూస్తూ వచ్చింది. ఆ రాయితీలలోనూ నిలకడ లేదు. 2019లో 10 వేల కోట్ల రూపాయలతో ఆరంభించిన ఫేమ్ రెండవ దశలో కిలోవాట్ అవర్‌కు 10 వేల రూపాయల చొప్పున ఇచ్చిన ప్రోత్సాహకాన్ని 2021 జూన్‌లో 15 వేలకు పెంచి, బండి ధరలో 40 శాతాన్ని పరిమితిగా పెట్టారు. రెండేళ్లు తిరగకుండానే, 2023 జూన్ నుంచి మళ్లీ 10 వేలకు దించి, పరిమితిని 15 శాతానికి కుదించారు. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద అది 5 వేలయింది, రెండవ ఏట 2,500కు తగ్గింది. ద్విచక్ర వాహనాలకు ఈ రాయితీ 2026 మార్చితో ముగుస్తుందని 2025 ఆగస్టులో కేంద్రం ప్రకటించింది. ఈలోగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న పెట్రోలు బండ్లపై జీఎస్‌టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. బ్యాటరీ బండిపై పన్ను 2019 ఆగస్టు నుంచి ఉన్న ఐదు శాతమే కనుక, ఆ తగ్గింపుతో రెండింటి ధరల మధ్య అంతరం బ్యాటరీ బండికి ప్రతికూలంగా మారింది. పెట్రోలు బండి కొనే పేదవానికి పన్ను తగ్గించడాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఒక చేత్తో ఊతమిచ్చి మరో చేత్తో దానిని లాగివేసే విధానం మీద ఏ కర్మాగారం పదేళ్ల ప్రణాళిక వేసుకోగలదు? రాయితీ అర్హత కోసం చార్జర్ ధరను వేరుగా లెక్కగట్టిన పేరున్న కంపెనీలు 2023లో ఆ సొమ్మును కొనుగోలుదారులకు తిరిగి చెల్లించవలసి వచ్చిన ఉదంతం కూడా ఈ రాయితీల చరిత్రలో భాగమే.

రాష్ట్రాలు కొంత మెరుగు. తెలంగాణ ప్రభుత్వం 2020 విధానంలో మొదటి రెండు లక్షల ద్విచక్ర వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. 2024 నవంబరులో ఆ సంఖ్యా పరిమితిని తొలగించి, మినహాయింపును 2026 డిసెంబరు ఆఖరు వరకు వర్తింపజేసింది. ఛత్తీస్‌గఢ్ సైతం 2022లో సొంత విధానాన్ని ప్రకటించింది.

డబ్బు కన్న పెద్ద ప్రశ్న ప్రాణానిది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, కొద్ది రోజుల తేడాతో విజయవాడలోనూ ఇంటిలో చార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో రాజుకున్న మంటల పొగ పైఅంతస్తులలోని లాడ్జిని కమ్ముకున్నది. ఊరుకాని ఊరు వచ్చి గదులలో బస చేసిన ఎనిమిది మంది బలయ్యారు. వారిలో బ్యాటరీ బండి కొన్నవారు ఎవరూ లేరన్నది మరువరాని విషయం. కిందనున్న దుకాణంలో ఏమి నిల్వ చేశారో, ఏమి చార్జ్ చేస్తున్నారో పైన నిద్రిస్తున్నవారికి తెలిసే అవకాశం లేదు. తెలుసుకోవలసిన అధికారులు తెలుసుకోలేదు. 2024 ఫిబ్రవరిలో చైనాలోని నాన్‌జింగ్‌లో విద్యుత్ సైకిళ్లు నిలిపిన చోట మొదలైన మంటలు బహుళ అంతస్తుల భవనంలో 15 మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ దేశం తన జాతీయ ప్రమాణాలను సవరించి 2025 సెప్టెంబరు నుంచి అమలులోకి తెచ్చింది.

మన కేంద్రం కూడా కదలకపోలేదు. బ్యాటరీ పరీక్షా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశలుగా అమలు చేసింది. ఒక సెల్ వేడెక్కితే ఆ మంట పక్క సెల్‌కు పాకకుండా చూడడం ఆ పరీక్షల ఉద్దేశాలలో ఒకటి. ఇవి కర్మాగారం గేటు దాటే వరకు ఉపకరిస్తాయి. ఆ తరువాత మూడేళ్లకు చవక చార్జర్ కొని, పడకగదిలో రాత్రంతా చార్జింగ్‌కు వదిలేసే వినియోగదారుని ఏ పరీక్ష కాపాడుతుంది?

ఇక నిబంధనల వెలుపలే తిరిగే బండ్లు మరొక తరగతి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఇతర షరతులకు లోబడిన బండిని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మోటారు వాహనంగా గుర్తించవు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, నడిపేవారికి లైసెన్స్ అక్కరలేదు. పదో తరగతి విద్యార్థికి, డ్రైవింగ్ నేర్వని గృహిణికి, మోకాళ్ల నొప్పులతో సైకిల్ తొక్కలేని విశ్రాంత ఉద్యోగికి ఇది నిజమైన వరం. దానిని తొలగించమనడం అన్యాయం. కానీ కాగితం మీద 25 కిలోమీటర్ల బండి కొనుగోలుదారు కోరిక మేరకు రోడ్డు మీద 40కి, 45కి పోతున్నది. మహారాష్ట్ర రవాణా శాఖ 2022లో ఇటువంటి మార్పులపై ప్రత్యేక తనిఖీలు చేపట్టింది. నంబరు ప్లేటు లేని బండి ఎవరినైనా గుద్ది వెళితే నష్టపరిహారం ఎవరినడగాలి, ఏ బీమా సంస్థ చెల్లిస్తుంది? వేగ నియంత్రణను తొలగించడం సాధ్యం కాని విధంగా బండిని తయారు చేయవలసిన బాధ్యత తయారీదారుదే కావాలి. ఈ విషయంలో కొనుగోలుదారుపై జరిమానా వేసి సరిపెట్టుకోవడం సులభమార్గం మాత్రమే.

బిలాస్‌పూర్ ప్రస్తావనకు మరొక కారణం ఉన్నది. ఆ పట్టణం సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కు కూడా ప్రధాన కేంద్రం. సమీపంలోని సీపత్‌లో ఎన్‌టీపీసీకి 2,980 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్నది. అక్కడ స్కూటరు వెనుక పొగ మాయమైనా అది ఊరి చివరి చిమ్నీకి మారిందన్న ఆక్షేపణ తరచూ వినవస్తుంది. దీనిలో సగం నిజముంది. ఇంధనంలోని శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా వృథా చేసే పెట్రోలు ఇంజన్ కంటె విద్యుత్ మోటారు ఎంతో సమర్థమైనది. వీధిలో నడిచే పిల్లల ముక్కుల ఎత్తులో పొగ వదలకపోవడం చిన్న మేలు కాదు. మిగిలిన సగం ఎప్పుడు చార్జ్ చేస్తామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మనవారందరూ ఇంటికి వచ్చిన తరువాత, గ్రిడ్‌పై భారం అధికంగా ఉండి సౌర విద్యుత్తు లేని రాత్రి వేళ ప్లగ్గు పెడతారు. పగటిపూట విద్యుత్తు చౌకగా ఉండాలని కేంద్రం 2023లోనే వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. పగలంతా బండి ఉండేది కార్యాలయం స్టాండులో. అక్కడ ప్లగ్గు ఏదీ?

చార్జింగ్ కేంద్రాలంటే జాతీయ రహదారుల పక్కన కార్ల కోసం నెలకొల్పేవని మాత్రమే మన ప్రణాళికలు భావిస్తున్నట్లున్నది. రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగే ద్విచక్ర వాహనదారునికి వాటితో పని లేదు. అతనికి కావలసింది రైల్వే కార్యాలయం షెడ్డులో, మార్కెట్ యార్డులో, ఆసుపత్రి స్టాండులో భద్రమైన పదిహేను ఆంపియర్ల సాకెట్, దానికొక మీటరు, కాపలా ఉండే మనిషి. అపార్ట్‌మెంట్‌లో నివసించేవారు చార్జింగ్ కోసం వేరుగా కనెక్షన్ తీసుకోవచ్చునని 2024 ఫిబ్రవరిలో నిబంధన వచ్చింది. దానిని ఆచరణలో పెట్టేది పంపిణీ సంస్థల స్థానిక కార్యాలయాలే. సెల్లారు స్టాండులో సాకెట్ లేక మూడవ అంతస్తు కిటికీ నుంచి వైరు వేలాడదీసినవాడు, బ్యాటరీ ఊడదీసి వంటగదిలో పెట్టినవాడు ప్రమాదమని తెలిసే ఆ పని చేస్తున్నాడు. రాయితీ గడువు ముగిసిన తరువాత ఆ సొమ్ములో కొంత భాగాన్నయినా పట్టణాలలోని పని స్థలాల స్టాండులలో చార్జింగ్ సదుపాయానికీ, అగ్నిమాపక శాఖ తనిఖీలకూ మళ్లించవచ్చు. తొలి ప్రయత్నంగా రైల్వే, బొగ్గు సంస్థల వంటి పెద్ద యాజమాన్యాలు తమ ఆవరణలలోనే దీనిని ఆరంభించడానికి చట్టసవరణ కూడా అక్కరలేదు.