ఫ్రీలాన్సింగ్‌లో పనిభారాన్ని గంటల్లో కొలవొద్దు

'ఆఫీసు రొద పడదు, ఇంటర్వ్యూలో కళ్లలోకి చూసి మాట్లాడలేను, అందుకే ఫ్రీలాన్సింగ్ చేసుకుంటా' అనుకునే ఆటిస్టిక్ విద్యార్థులు చాలామందే ఉన్నారు. నేనూ ఆ దారిలోనే ఉన్నాను. ఇంట్లో లైటు మన ఇష్టం, నిశ్శబ్దం మన ఇష్టం. నిజమే. కానీ కోడ్ రాసేదీ మనమే, క్లయింటుతో బేరమాడేదీ మనమే, బిల్లు వసూలు చేసేదీ మనమే. మనల్ని పిండేసేది మొదటిది కాదు, మిగతా రెండూ.

ఆరు గంటలు ఏకబిగిన డీబగ్గింగ్ చేసినా రాని అలసట, చెప్పాపెట్టకుండా వచ్చిన పావుగంట ఫోన్‌తో వచ్చేస్తుంది. అవతలి గొంతులో అర్థం వెతుక్కోవాలి, మామూలుగా ఉన్నట్టు కనిపించాలి, తెగిన పనిని మళ్లీ అందుకోవాలి. అందుకే నేను రోజుకు ఒక్క కాల్‌కే ఒప్పుకుంటాను, అదీ ముందురోజే ఖరారైతే. రెండోది తప్పనిసరైతే ఆ రోజు డెలివరీ పెట్టుకోను. పనిలో మునిగితే ఆకలి కూడా తెలియదు. అమ్మ 'తిన్నావా' అని పదిసార్లు అడగడం కొందరికి విసుగేమో గానీ, నాకది అలారం.

ఇవి బతిమాలి అడిగేవి కావు, ఒప్పందంలో రాసుకునేవి. మార్పులన్నీ మెయిల్‌లోనే, రెండు సవరణలు దాటితే అదనపు రేటు, సగం అడ్వాన్సు. ఆటిజం సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోయినా ఈ షరతులు చెల్లుతాయి.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ఆటిజాన్ని గుర్తించింది. కానీ పనిచోట సౌకర్యాలు అడగాలంటే యజమాని ఉండాలి కదా! మన హెచ్‌ఆర్ మనమే. చట్టం మనకు అక్కరకొచ్చేది వేరేచోట. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదైతే, ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం-2006 ప్రకారం మన దేశంలోని క్లయింటు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. ఆ ముక్క ఇన్వాయిస్ అడుగున వేసేయండి. డబ్బు ఎప్పుడొస్తుందో తెలిస్తే సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది.

ఆటిస్టిక్ బర్నవుట్ ఆదివారం పడుకుంటే పోయేది కాదు. మాట పెగలకపోవడం, మిక్సీ మోత కూడా భరించలేకపోవడం, స్నానం సైతం కొండంత పనిగా అనిపించడం దాని గుర్తులు. అవి కనిపిస్తే కొత్త ప్రాజెక్టు ఒప్పుకోవద్దు. టెలి మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

ఫైనలియర్ వాళ్లు ఇప్పుడే ఒక చిన్న ప్రాజెక్టు తీసుకోండి. ఏ పని ఎంత అలసట తెచ్చిందో రోజూ రాసుకోండి. నెల తర్వాత ఆ కాగితం ముందు పెట్టుకుని మీ రేటు నిర్ణయించండి.