జెండా దించే చెయ్యి కావాలి

గాంధీబొమ్మ సెంటరు చుట్టుపక్కల వ్యాపారులకు, మునిసిపల్ చైర్‌పర్సన్ గారికి, వార్డు కౌన్సిలర్లకు, ఆటోస్టాండు తమ్ముళ్లకు, అన్ని పార్టీల కార్యకర్తలకు ఒక విజ్ఞప్తి. నేను ముప్ఫై ఒక్కేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మీలో చాలామంది నా ఈల వినపడితే పరుగెత్తినవాళ్లే. ఆ చనువుతోనే ఇది రాస్తున్నాను.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున వాకింగుకు వెళ్తూ సెంటర్లో ఆగాను. జనవరి 26న ఎత్తిన జెండా దిమ్మె మీద ఇంకా అలాగే ఉంది. ఉందంటే ఉంది. పచ్చరంగు కింది అంచు పీలికలై స్తంభానికి చుట్టుకుపోయింది. కాషాయం ఎండకు వెలిసి, పసుపు కడిగిన నీళ్ల రంగుకు వచ్చింది. సంక్రాంతి గాలిపటం దారం ఒకటి మూలన చిక్కుకుని వేలాడుతోంది. అదే స్తంభానికి, నా తలకు కాస్త పైన, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టిన బైండింగ్ వైరు. పక్క టీకొట్టులో పదిమంది దాకా ఉన్నారు. ఒక్కరూ పైకి చూడటం లేదు. నేనూ అంతకుముందు వారమంతా ఆ దారినే నడిచాను, చూడలేదు.

సంబంధిత ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, నాకు తగాదా అక్కర్లేదు. దిమ్మె ఇంజనీరింగు వాళ్లదన్నారు. స్తంభానికి లైటు ఉంది కాబట్టి స్తంభం ఎలక్ట్రికల్ సెక్షనుదన్నారు. జెండా కొన్న బిల్లు మాత్రం మేనేజరు దగ్గరుందట. చివరికి పాత శిష్యుడే, అటెండరు, మెల్లగా చెప్పాడు: "ఎత్తమని ఆర్డరు వచ్చింది మాస్టారూ. దించమని రాలేదు."

ఆటోస్టాండు తమ్ముడొకణ్ణి తోడు పెట్టుకుని నేనే దించబోయాను. గిలక తుప్పు పట్టి ఉంది. తాడు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. జెండా సరిగ్గా స్తంభం మధ్యలో ఆగింది. అటుగా పోతున్న ఇద్దరు బండి ఆపి అడిగారు: "ఎవరు పోయారు మాస్టారూ?"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఈ విజ్ఞప్తి రాయడానికి ఆ ప్రశ్నే కారణం.

మన జెండా నియమావళి 2002 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అంతకుముందు సామాన్యుడు తన ఇంటి మీద ఏడాది పొడవునా జెండా ఎగరేసుకునే వీలు లేదు. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీ మీద జెండా ఎగరేస్తే అధికారులు అడ్డుపడ్డారు. ఆయన కోర్టుకెక్కాడు. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి భావప్రకటన హక్కులో భాగమేనని 2004 జనవరి 23న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నియమావళి రాసినప్పుడు ఒక మాట ఉండేది: ఆరుబయట ఎగిరే జెండా వీలైనంత వరకు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే ఉండాలని. 2022 జులైలో దాన్ని సవరించారు. ఆరుబయట జెండాను, ఇళ్ల మీది జెండాను రాత్రీపగలూ ఉంచవచ్చన్నారు. ఇంటింటా జెండా కార్యక్రమానికి ముందు వచ్చిన సవరణ అది.

సవరణను తప్పుపట్టను. మూడు రోజులు ఇంటి మీద జెండా ఉంచుకునే ముసలమ్మను రోజూ సాయంత్రం మేడెక్కి దించమనడం అన్యాయం. కానీ ఆ పాత నియమంలో బయటికి కనిపించని ఒక పని ఉండేది. రోజూ దించేవాడు రోజూ జెండాను చేత్తో పట్టుకుంటాడు. అంచు ఊడితే తెలుస్తుంది. తాడు నలిగితే తెలుస్తుంది. గిలక కిర్రుమంటే మర్నాడు రెండు చుక్కలు నూనె వేస్తాడు. మా బడిలో జెండా దించే వంతు తొమ్మిదో తరగతి వాళ్లది. చిరుగు ముందు కనిపెట్టేది వాళ్లే, హెడ్మాస్టరు కాదు. దించక్కర్లేదు అనగానే మనం చూడటం కూడా మానేశాం. నియమం 'ఉంచవచ్చు' అంది. మనం దాన్ని 'వదిలేయవచ్చు' అని చదువుకున్నాం.

చిరిగిన, నలిగిన జెండా ఎగరేయకూడదన్న నియమం మాత్రం ఎక్కడికీ పోలేదు. గాలి ఎవరి మాటా వినదు. 2017 మార్చిలో అటారీ సరిహద్దులో 360 అడుగుల స్తంభం మీద ఎత్తిన జెండా గాలికి చిరిగి, కొద్ది వారాల్లోనే మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. మన హైదరాబాదు సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న ఎత్తిన జెండా స్తంభం 291 అడుగులు. అలాంటివాటికి చూసుకునే మనుషులుంటారు, బడ్జెట్లుంటాయి. మన దిమ్మె మీది స్తంభం ఇరవై అడుగులు. దానికి మనిషే లేడు.

జెండా కొనేటప్పుడు కూడా కాస్త చూడాలి. పొడవు మూడు పాళ్లుంటే ఎత్తు రెండు పాళ్లు. మన స్తంభానికి 1800 × 1200 మిల్లీమీటర్లది, అంటే దగ్గర దగ్గర ఆరడుగులకు నాలుగడుగులది సరిపోతుంది. మొన్న తిప్పలుపడి చివరికి కిందికి దించినది కొలిస్తే దాదాపు నలుచదరం. చక్రం కోడిగుడ్డులా సాగి ఉంది. ఆకులు లెక్కపెట్టాను, ఇరవై నాలుగుకు ఇరవై రెండే తేలాయి. 2021 డిసెంబరు 30 నుంచి పాలిస్టరూ, మిషను మీద చేసినదీ చెల్లుతాయి. నా మనసు ఖద్దరు వైపే, ఆ సంగతి దాచను. ఖాదీ జెండాకు కుట్టిన తాడులో కాషాయం వైపు కొయ్యముక్క ఉంటుంది. కళ్లు మూసుకుని కట్టినా తలకిందులు కాదు. అయినా పాలిస్టరు కొంటే కొనండి, కొలతా చక్రమూ చూసి కొనండి.

పార్టీల తమ్ముళ్లతో ఒక మాట. జాతీయ జెండాకు పైన గానీ, దానికంటే ఎత్తులో గానీ, దాని సరసన గానీ వేరే జెండా ఉండకూడదు. మన సెంటర్లో ఒక పార్టీ ఇరవై అడుగుల పైపు పాతితే రెండో పార్టీ ఇరవై అయిదు పాతింది. మూడోవాళ్లు దిమ్మెకు టైల్స్ వేసి ముప్ఫైకి పోయారు. వీటి మధ్య జాతీయ జెండా, పెళ్లి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ మేనమామలా, ఎక్కడుందో వెతుక్కోవాలి. మీ జెండాలు పీకేయమనడం లేదు. రోడ్డుకు అవతల పక్క, బస్‌షెల్టరు వెనక ఖాళీ స్థలం ఉంది. అన్ని పార్టీలూ ఒకేసారి, ఒకే ఎత్తున అక్కడికి మారండి. ముందు ఎవరు కదలాలన్న పేచీ వస్తే చీటీ తీద్దాం, నా టోపీలో.

సభల సంగతి త్వరగా ముగిస్తాను. జెండా స్తంభానికి ఫ్లెక్సీలు, మైకులు కట్టొద్దు. జెండా మీద అక్షరాలు రాయొద్దు, ఎంత పెద్దాయన పేరైనా సరే. విగ్రహావిష్కరణకు ముసుగుగా జెండా కప్పొద్దు (మన ఊళ్లో విగ్రహాలకు కొదవలేదు కాబట్టి చెబుతున్నాను). ర్యాలీలో జీపు బానెట్ మీద పరవొద్దు. వేదిక మీద స్తంభానికి కడితే మాట్లాడేవారి కుడిచేతి వైపు ఉండాలి. బాల్కనీకి నిలువుగా వేలాడదీస్తే, కింద నుంచి చూసేవాళ్లకు కాషాయం ఎడమ పక్కన కనిపించాలి. పోయినసారి ఒక భవనానికి తిరగేసి కట్టారు. మధ్యాహ్నం దాకా దాని ముందు సెల్ఫీలు దిగారు.

ఆ ఇద్దరు బండివాళ్ల ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. సగం ఎత్తులో జెండా అంటే సంతాపం. అది మనంతట మనం నిర్ణయించుకునేది కాదు, పైనుంచి ఉత్తర్వు రావాలి. వచ్చినప్పుడు కూడా నేరుగా సగానికి లాగి వదలకూడదు. ముందు కొస దాకా ఎత్తాలి, ఒక్క క్షణం నిలపాలి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం దించేముందు మళ్లీ కొస దాకా ఎత్తి, ఆ తర్వాతే కిందికి. ఎత్తడం చురుగ్గా, దించడం నిదానంగా. పిల్లలకు ఇది ఒక్కరోజులో వస్తుంది. పెద్దవాళ్లకే తొందర.

దించిన జెండాను ఉండచుట్టి బీరువాలో కుక్కేవాళ్లను చూశాను. అడ్డంగా పరిచి, కాషాయాన్నీ పచ్చనీ తెలుపు కిందికి మడిచి, ఆపైన రెండు పక్కల నుంచి తెలుపును మధ్యకు మడిస్తే చక్రమూ, కాస్త కాషాయమూ, కాస్త పచ్చా పైకి కనిపిస్తాయి. రెండు అరచేతుల మీద మోసుకెళ్లాలి. ఇక పనికిరానంత చిరిగితే చెత్తబండికి వేయకూడదు, కారు తుడవకూడదు. జనం కంటపడకుండా, ముక్కలు చేయకుండా, మొత్తంగా, మర్యాదగా దహనం చేయాలి. నేను దించినదాన్ని మా పెరట్లో అలాగే చేశాను. మా ఆవిడ పక్కన నిలబడింది. పాలిస్టరు కదా, మాడిన వాసన చాలాసేపు పోలేదు.

ఆగస్టు 16 పొద్దున సెంటర్లో మురిక్కాలవ చూస్తే సంగతంతా తెలుస్తుంది. ప్లాస్టిక్ జెండాలు వాడొద్దని కేంద్రం ఏటా చెబుతూనే ఉంది. స్టేషనరీ షాపుల అన్నలూ, ఈసారి తెప్పించకండి. కాగితం జెండాలు అమ్మండి, మర్నాడు తిరిగి తీసుకోవడానికి కొట్టు ముందు ఒక అట్టపెట్టె పెట్టండి. పెట్టె నిండితే నాకు కబురు చేయండి.

నేను జైలు పేరు చెప్పి బెదిరించడం లేదు. 1971 చట్టం కింద జాతీయ జెండాను అవమానిస్తే మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కానీ మన దిమ్మె మీద జెండాను ఎవరూ అవమానించలేదు, ఎవరూ పట్టించుకోలేదు, అంతే. పోలీసులు చేయగలిగింది ఇందులో ఏమీ లేదు. ఉన్నదల్లా మనమే.

మనది కృష్ణా జిల్లా గాలి సోకిన ఊరు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీగారికి జెండా చూపించారని ప్రతి ఆగస్టులో మైకు పట్టుకుని చెప్పుకుంటాం. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బందరు కోనేరు సెంటర్లో జెండా ఎత్తబోయిన తోట నరసయ్య నాయుడు గారు స్పృహ తప్పేదాకా లాఠీ దెబ్బలు తిన్నారు. అదీ నాలుగు రోడ్ల కూడలే. మన కూడలిలో జెండా ఎత్తడానికి ఇప్పుడెవరూ దెబ్బలు తినక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి ఒక మనిషి వచ్చి తాడు విప్పాలి.

చైర్‌పర్సన్ గారూ, మీకు నా మనవి ఇది: దిమ్మె, స్తంభం, తాడు, జెండా నాలుగూ ఒకే ఉద్యోగి పేరున రాసి ఇవ్వండి. సెలవు పెడితే ఎవరు చూస్తారో రెండో పేరు కూడా రాయండి. బీరువాలో ఎప్పుడూ ఒక మంచి జెండా అదనంగా ఉంచండి. పొద్దున ఎత్తిన వేళ, సాయంత్రం దించిన వేళ రాసే వంద పేజీల నోటుబుక్కు ఒకటి చాలు, కంప్యూటరు అక్కర్లేదు. సవరణ ఒప్పుకున్నా సరే, మన సెంటర్లో మాత్రం జెండాను రోజూ సాయంత్రం దించుదాం. రోజూ కుదరదంటారా, సోమవారం సోమవారం అయినా దించి చేత్తో పట్టుకుని చూద్దాం. ఉద్యోగి రాని రోజున ఆటోస్టాండు తమ్ముళ్లు వంతులు వేసుకుంటామని నాతో అన్నారు. ముడి వేయడం, మడవడం నేను నేర్పుతాను.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి దిమ్మె దగ్గర ఉంటాను. గిలకకు నూనె, కొత్త తాడు నేను తెస్తాను. నిచ్చెన నా దగ్గర లేదు, మీలో ఎవరైనా తేవాలి.